అవ్వ లోయి, తల్లి యునీకే: ఒక్క వచనానికి వ్యాఖ్యానం

మదర్స్ డే ఆదివారమైనా, స్త్రీల మైత్రి కూడికైనా మన సంఘాల్లో తల్లుల కోసం తెరిచేది ఎక్కువగా సామెతలు 31వ అధ్యాయమే. తెల్లవారకముందే లేచి, నూలు వడికి, పొలం కొని, బీదలకు చెయ్యి చాచి, రాత్రి కూడా దీపం ఆర్పని ఆ ఇల్లాలి గురించి వింటూ వింటూ మన తల్లులు మెల్లగా తలలు దించుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ అధ్యాయం ఒక స్త్రీని మెచ్చుకుంటూ పాడిన పాట. దాన్ని కొలబద్దగా మార్చింది మనమే. దాని సంగతి ఇంకోసారి చూద్దాం. అలసిపోయిన తల్లి కోసం బైబిల్లో మరో వచనం ఉంది. దాన్ని చాలామంది పౌలు కుశలప్రశ్నల్లో భాగమనుకుని దాటేస్తారు. తిమోతికి రాసిన రెండవ పత్రిక, మొదటి అధ్యాయం, ఐదవ వచనం. దాన్ని మాట మాటగా విప్పి చూద్దాం.

ముందు సందర్భం. పౌలు రోమాలో ఖైదీ. సంప్రదాయం చెప్పేదాని ప్రకారం అది నీరో చక్రవర్తి కాలం, మరణశిక్ష దగ్గరపడిన రోజులు. దేమా విడిచి వెళ్లిపోయాడు, దగ్గర లూకా ఒక్కడే ఉన్నాడు. చలికాలం రాకముందే రమ్మని, త్రోయలో వదిలి వచ్చిన అంగీ తెచ్చిపెట్టమని తిమోతిని అడుగుతున్నాడు. ఈ చివరి ఉత్తరం దేవునికి కృతజ్ఞతతో మొదలుపెట్టి, ఆ కృతజ్ఞతలోనే ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెబుతాడు. తిమోతిలోని విశ్వాసం అంతకుముందే అతని అవ్వలో, తల్లిలో ఉండేదనీ, అదే ఇప్పుడు అతనిలోనూ ఉందని తనకు గట్టి నమ్మకమనీ ఆ వచనం సారాంశం.

జ్ఞాపకము

ఈ మాట ఇక్కడ ఒక్కసారి వచ్చి పోయేది కాదు. ప్రార్థనలో తిమోతి జ్ఞాపకం వస్తాడు, అతని కన్నీళ్లు జ్ఞాపకం వస్తాయి, ఆ తర్వాత అతని విశ్వాసం. ఆ వరసలోనే లోయి, యునీకే. లోయి పేరు బైబిలంతా వెదికినా ఇక్కడ తప్ప మరెక్కడా లేదు. యునీకే పేరూ అంతే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆమె ప్రస్తావన ఉన్నా పేరు లేదు, విశ్వసించిన యూదురాలని మాత్రం ఉంది. ఆ కాలపు సంఘంలో పేరున్న స్త్రీలు లేకపోలేదు. లూదియ తన ఇంట్లో అపొస్తలులకు ఆతిథ్యమిచ్చింది, ప్రిస్కిల్ల భర్తతో కలిసి అపొల్లోకు దేవుని మార్గం విశదం చేసింది, ఫీబే కెంక్రేయ సంఘంలో పరిచారకురాలు. లోయి, యునీకేలు ఇలాంటి పని ఏదైనా చేసినట్టు ఎక్కడా రాసి లేదు. ఒక పిల్లవాడు పెరిగిన ఇల్లు వాళ్లది, అందుకే వాళ్ల పేర్లు నిలిచాయి. చావు ముందు కూర్చున్న అపొస్తలుడికి గుర్తొచ్చిన విషయాల్లో ఆ ఇల్లు ఒకటి. ఇంట్లో పడే చాకిరీని ఎవరూ గుర్తుపెట్టుకోరని దిగులుపడే తల్లి ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

నిష్కపటమైన విశ్వాసము

పౌలు గొప్ప విశ్వాసం అనలేదు, బలమైన విశ్వాసం అనలేదు. కపటం లేనిది అన్నాడు. ఏళ్ల తరబడి తల్లుల మధ్య వాక్యం చెబుతూ నాకు అర్థమైందేమంటే, మన తల్లుల్ని కుంగదీసేది విశ్వాసం లేకపోవడం కాదు. తమ విశ్వాసం ఉత్త నటనేమో అన్న అనుమానం.

ఉదయం ఏడున్నర. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. పెద్దవాడికి సాక్సు ఒకటే దొరికింది, రెండోది మంచం కింద ఉందో లేదో తెలీదు. చిన్నదాని జడ సగంలో ఉంది, రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని రెండో పాయ అల్లుతుండగానే కింద స్కూల్ వ్యాన్ హారన్. అప్పుడు ఆ పిల్ల నీళ్ల బాటిల్ ఒలకబోస్తుంది. రాకూడని మాట నోటినుంచి వచ్చేస్తుంది. పిల్ల ఏడుస్తూనే వ్యాన్ ఎక్కుతుంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు చాప పరిచినప్పుడు తల్లికి ఆ మొహమే గుర్తొస్తుంది. ‘పొద్దున అంత మాట అని, ఇప్పుడు ఏ మొహంతో ప్రార్థన చేయించను’ అనుకుని, ఒంట్లో బాగోలేదని దీపం ఆర్పేస్తుంది.

ఆ ఆర్పేయడమే నాకు బాధ. కపటం లేని విశ్వాసమంటే తప్పు చేయని విశ్వాసం అని అర్థం కాదు. ఆ రాత్రి పిల్లను దగ్గరకు తీసుకుని ‘పొద్దున అమ్మ నిన్ను అలా అనకూడదు తల్లీ, నన్ను క్షమించు, దేవుణ్ణి కూడా అడుగుతాను’ అంటే, ఆ పిల్ల పశ్చాత్తాపం అంటే ఏమిటో కళ్లారా చూస్తుంది. సండే స్కూల్లో ఎన్ని కంఠత వాక్యాలు చెప్పించినా ఈ పాఠం అంత లోతుగా దిగదు. పిల్లలకు మన కోపం తెలుసు, మన అలసట తెలుసు. ఆ రెండూ దాచిపెట్టి మందిరంలో మాత్రం చిరునవ్వుతో కూర్చుంటే వాళ్లకు ముందు తెలిసిపోయేది మన నటనే. లోయి, యునీకేల ఇంట్లో తిమోతి చూసినది నటన కాదని పౌలు సాక్ష్యం. వాళ్లు ఏనాడూ విసుక్కోలేదని ఆయన రాయలేదు.

మొదట

విశ్వాసం ముందు పెద్దవాళ్లలో ఉంది, తర్వాత పిల్లవాడిలో. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలోనూ ఇదే క్రమం. పిల్లలకు నేర్పమనే ఆజ్ఞకు ముందు, ఆ మాటలు నీ హృదయంలో ఉండాలన్న ఆజ్ఞ ఉంది. నేర్పే వేళలు కూడా అక్కడే ఉన్నాయి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అవి ఏ తల్లికైనా రోజూ ఉండే వేళలే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ఏకాంత ప్రార్థన చేయలేకపోతున్నానని ఏడ్చే చంటిపిల్లల తల్లికి నేను ఈ అధ్యాయమే చదివి వినిపిస్తాను. రాత్రంతా పాలిచ్చి లేచిన ఒళ్లది. పప్పు కడుగుతూ చేసే ప్రార్థన ఆయన వినకుండా ఉంటాడా? వెసులుబాటు ఉన్నవాళ్లు తెల్లవారుజామునే లేవనివ్వండి, మంచిదే. దాన్ని అందరి మీదా భారంగా మోపకూడదు.

అవ్వ

తెలుగు బైబిల్లో ఇదే మాట. లోయి తిమోతికి తల్లి వైపు అవ్వే అయి ఉండాలి, ఎందుకంటే తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆమె ఏం చేసేదో పౌలు చెప్పలేదు. ఆమె పేరు ముందు పెట్టాడు, అంతే.

అయినా మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లు ఈ మాటను ఊరికే దాటలేరు. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి ఎందరో తల్లులు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతున్నారు. పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. పిల్లవాడిని ఆదివారం మందిరానికి నడిపించేది అమ్మమ్మ, పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేటప్పుడు వాడి చేత కూడా ఒక పిడికిలి వేయించేది అమ్మమ్మ. అక్కడ శుక్రవారం సెలవు, ఆరాధనలూ ఆ రోజే. తల్లికి బయటికి వెళ్లనిచ్చే యజమాని దొరికితే ఆరాధనకు వెళ్తుంది. లేకపోతే వంటగదిలోనే ఫోన్ గోడకు ఆనించి, పిల్లవాడి చేత ఆ వారం వాక్యం అప్పజెప్పించుకుంటుంది. సిగ్నల్ తెగి సగం మాటలే వినిపిస్తాయి, మళ్లీ మొదటినుంచి చెప్పమంటుంది. వాడు విసుక్కుంటూనే చెబుతాడు. తల్లి చేయాల్సిన పని తాను చేయలేకపోతున్నానని ఈ తల్లులు పడే వేదన చిన్నది కాదు. పౌలు లోయిని, యునీకేని విడదీసి ఎవరి వాటా ఎంతని లెక్క కట్టలేదని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. ఆ ఇద్దరి విశ్వాసాన్నీ ఆయన ఒకే వాక్యంలో, ఒకే క్రియతో చెప్పాడు.

తల్లి

యునీకే ఉన్నది లుస్త్రలో. నేటి టర్కీలో కొన్యా నగరానికి దక్షిణంగా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటు. అగస్తు చక్రవర్తి కాలంలో రోమా సైనికులకు వలస ఊరిగా ఏర్పడింది. జనం లుకయోనియ భాష మాట్లాడేవాళ్లు. పౌలు అక్కడ పుట్టుకుంటివాడిని నడిపించినప్పుడు, బర్నబాను ద్యుపతి అని, పౌలును హెర్మే అని పిలిచి ఎడ్లను బలివ్వడానికి తెచ్చింది ఆ ఊరివాళ్లే. ఆ ఊళ్లో సమాజమందిరం ఉన్నట్టు అపొస్తలుల కార్యములు చెప్పదు. అంటే పిల్లవాడికి లేఖనాలు చెప్పడానికి ఊళ్లో పెద్దగా సాయం దొరికి ఉండదు. చేతిరాత గ్రంథపు చుట్టలు ఇంటింటా ఉండే కాలమూ కాదు. అయినా ఇదే పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు, తిమోతికి పరిశుద్ధ లేఖనాలు బాల్యం నుంచే తెలుసంటాడు. అక్కడ వాడిన గ్రీకు మాట పాలు తాగే పసివాడికి వాడేది. లూకా సువార్తలో పశువుల తొట్టిలోని శిశువుకు వాడిందీ అదే. ఆ వయసులో పిల్లవాడికి లేఖనం అందేది చదవడం వల్ల కాదు. ఒళ్లో పడుకుని విన్న మాటల వల్ల, జోలపాటల వల్ల అయి ఉండాలి.

ఇక నన్ను ఎన్నాళ్లుగానో వదలని సంగతి ఒకటి. పౌలు మొదటిసారి లుస్త్రకు వచ్చినప్పుడు, అంతియొకయ నుంచి, ఈకొనియ నుంచి వచ్చినవాళ్లు జనాన్ని ఎగదోసి ఆయన్ను రాళ్లతో కొట్టించారు. చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చిపడేశారు. శిష్యులు చుట్టూ నిలబడ్డారు, ఆయన లేచి తిరిగి ఊళ్లోకే వెళ్లాడు, మర్నాడు దెర్బేకు బయలుదేరాడు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతి. లుస్త్రలో తనకు ఎదురైనవి తిమోతికి తెలుసని పౌలే ఇదే పత్రికలో రాశాడు. కొంతకాలానికి అదే మనిషి మళ్లీ వచ్చి, తిమోతిని తన వెంట తీసుకెళ్లాలనుకున్నాడు.

ఆ రోజు యునీకే ఏమన్నదో లూకా రాయలేదు. తిమోతిని పౌలు వెంటబెట్టుకుని వెళ్లగోరాడని, వెళ్లారని మాత్రం ఉంది. రాళ్ల దెబ్బలు తిన్న మనిషి వెనక కొడుకు నడిచిపోతుంటే ఆ తల్లి గుమ్మంలో నిలబడిందో, లోపలికి వెళ్లి ఏడ్చిందో మనకు తెలియదు. ఆ కొడుకు ధైర్యశాలి కూడా కాదు. అతన్ని భయపెట్టకుండా చూసుకోమని పౌలు కొరింథువాళ్లకు రాయాల్సి వచ్చింది. కడుపులో బాగుండక తరచూ జబ్బు పడేవాడని మొదటి పత్రికలో ఉంది. ఈ రెండవ పత్రికలో కూడా పిరికితనం గురించి అతన్ని హెచ్చరించాడు. అలాంటి కొడుకును పంపడం ఏ తల్లికైనా కష్టమే. యునీకే ఆపలేదు. పిల్లలకు చదువు, ఉద్యోగం, పెళ్లి దాకా ప్రార్థించి, దేవుని పని అనేసరికి మాత్రం ‘వద్దు నాన్నా, నీకెందుకు’ అనే మన భయం నాకు తెలుసు. ఆ భయాన్ని నేను తిట్టను. యునీకేకూ అది ఉండే ఉంటుంది.

తండ్రి, అంటే వచనంలో లేని మాట

అవ్వ ఉంది, తల్లి ఉంది, కొడుకు ఉన్నాడు. తండ్రి లేడు. అపొస్తలుల కార్యములు అతను గ్రీసు దేశస్థుడని మాత్రమే చెబుతుంది. పౌలు వచ్చేదాకా తిమోతికి సున్నతి జరగలేదు. కాబట్టి ఆ ఇంట్లో యునీకే మాట అన్ని విషయాల్లో చెల్లి ఉండదు. అప్పటికే ఆ తండ్రి చనిపోయి ఉంటాడని కొందరు వ్యాఖ్యాతలు అనుకుంటారు.

మన సంఘాల్లో ఆదివారం బల్లల వైపు చూస్తే భర్త లేకుండా పిల్లలతో వచ్చే తల్లులు ప్రతి వరసలో కనిపిస్తారు. కొందరి భర్తలకు ఈ విశ్వాసం లేదు. కొందరి భర్తలకు పేరుకు ఉంది, ఆదివారం పొద్దున మంచం దిగరు. ఈ తల్లులకు మనం చేసే పెద్ద అన్యాయం, వాళ్ల ఇంటిని సగం ఇల్లుగా చూడటం. కుటుంబ కూడిక ప్రకటించి ‘దంపతులు మాత్రమే’ అంటాం. తండ్రి ప్రార్థన నడిపించని ఇల్లు దీవెన లేనిదన్నట్టు ప్రసంగిస్తాం. పౌలు అలా అనలేదు. విశ్వాసి అయిన తల్లి వల్ల బిడ్డలు పవిత్రులని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు. ఈ ఐదవ వచనంలో ఆ తండ్రి మీద ఒక్క చెడ్డమాట కూడా లేదు, అది కూడా గమనించాలి. పిల్లల ముందు భర్తను తక్కువ చేయకుండానే యునీకే తన విశ్వాసం నిలుపుకుని ఉండాలి. ‘మీ నాన్నగారు రారు, మనమే మంచివాళ్లం’ అని పిల్లలకు నూరిపోస్తే వాళ్లకు దక్కేది విశ్వాసం కాదు, ఇంట్లో గొడవ.

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. మాట్లాడకుండా నడవడితో భర్తను గెలుచుకోవచ్చని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. దెబ్బలు తిని సంఘం గుమ్మంలోకి వచ్చిన స్త్రీకి ఆ వాక్యం చూపించి తిరిగి అదే ఇంటికి పంపడం పాపం. ఆమెకు ముందు కావాల్సింది తలుపున్న గది, తోడు, అవసరమైతే పోలీసు స్టేషన్ దాకా వెంట వచ్చే పెద్దలు.

తండ్రి చోటును కొంతైనా నింపింది పౌలు. ఈ పత్రికలోనే తిమోతిని ప్రియమైన కుమారుడంటాడు. ఒంటరిగా పెంచే తల్లి ఇంట్లోని మగపిల్లవాడిని క్రికెట్‌కు తీసుకెళ్లే అన్నలు, పరీక్ష ఫీజు రోజున వెంట నిలబడే పెద్దలు సంఘంలో ఉంటే యునీకేల భారం సగం తగ్గుతుంది.

వసించెను

చుట్టపుచూపుగా వచ్చిపోయేదాన్ని వసించడం అనరు. వసించడమంటే కాపురం ఉండటం. వీళ్లలో విశ్వాసం ఆదివారం వచ్చి సోమవారం వెళ్లిపోలేదు. ఉజ్జీవ కూటాల మూడు రాత్రులకే పరిమితం కాలేదు. అద్దె ఇంట్లోనూ కాపురం చేస్తాం, కారే పైకప్పు కిందా కాపురం చేస్తాం. వాళ్ల మనసు ఎప్పుడూ సర్దుగా ఉండేదని ఈ మాట చెప్పదు. అక్కడ నివాసం మానలేదని చెబుతుంది.

నీయందు సహ

అవ్వ నుంచి తల్లికి, తల్లి నుంచి కొడుక్కి. ఈ మాట చదివి ఏడ్చే తల్లులున్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక మందిరం మానేశాడు, కూతురు ఇంట్లో ప్రార్థనంటే లేచి వెళ్లిపోతుంది. మా పెంపకంలో ఏం లోపం జరిగిందని అడుగుతారు. ఆ తల్లులకు నేను మోనికా కథ చెబుతాను.

ఉత్తర ఆఫ్రికాలో తగాస్తె ఊరు, నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్. భర్త పత్రికియుస్ అన్యుడు, కోపిష్ఠి. చనిపోయే ముందు మాత్రమే విశ్వాసంలోకి వచ్చాడు. కొడుకు అగస్టీను 354లో పుట్టాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర క్రీస్తు నామం విన్నవాడే, పెద్దయ్యాక మానీ మతస్థులతో కలిశాడు. కార్తేజి రేవులో, స్నేహితుణ్ణి సాగనంపాలని తల్లికి అబద్ధం చెప్పి, ఆమె దగ్గరలోని ప్రార్థనాస్థలంలో ఏడుస్తూ గడిపిన రాత్రే రోమాకు ఓడ ఎక్కేశాడు. వాడు వెళ్లకూడదనే ఆమె ఆ రాత్రి వేడుకున్నది. అతను వెళ్లిన దారి చివరికి మిలాను చేరింది, అక్కడ బిషప్ అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరు నాడు ఆయన చేతులమీదుగా బాప్తిస్మం పొందాడు. సముద్రం దాటి వెంట వచ్చిన తల్లి అది చూసింది. అదే ఏడాది ఓస్తియాలో 56వ ఏట కన్నుమూసింది. ఆ రాత్రి రేవులో తల్లి అడిగినదాన్ని దేవుడు ఇవ్వకపోవడం వల్లే, ఆమె అసలు కోరుకున్నది దక్కిందని అగస్టీను తర్వాత రాసుకున్నాడు.

ఇలాగే ప్రతి కొడుకూ తిరిగొస్తాడని నేను మాటివ్వలేను. మోనికాకు కూడా ఎవరూ తారీఖు చెప్పలేదు. ఆమె పెంపకంలో లోపం వల్ల అగస్టీను తప్పిపోలేదు, యునీకే ఏదో పద్ధతి పాటించడం వల్ల తిమోతి నిలబడలేదు. బిడ్డ విశ్వాసం తల్లి మార్కుల పట్టిక కాదు.

రూఢిగా

పౌలు నమ్మకం ఇది. తిమోతి భయపడుతున్నాడని, కన్నీళ్లు పెట్టుకున్నాడని తెలిసి కూడా అతనిలో ఆ విశ్వాసం ఉందని రూఢిగా నమ్మాడు. తల్లికి తన బిడ్డలోని లోపాలే ముందు కనిపిస్తాయి, ఎందుకంటే రోజంతా వాటితోనే గడుపుతుంది. బయటినుంచి చూసే పాస్టరుగారికో, సండే స్కూల్ టీచరుకో, పక్కింటి అక్కకో కనిపించే మంచిని ఆమెకు చెప్పాలి. ‘మీ వాడు నిన్న మా అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని మెట్లు దించాడమ్మా’ అన్న ఒక్క మాటతో ఆ తల్లి వారమంతా గడుపుతుంది. యునీకే ఈ ఉత్తరం చదివిందో లేదో, అప్పటికి బతికి ఉందో లేదో ఏ ఆధారమూ లేదు. మన తల్లులు బతికే ఉన్నారు.

ఐదవ వచనం ఇక్కడ ముగుస్తుంది. ఆరవ వచనం ఆ హేతువుచేతనే అంటూ మొదలై, లోపల ఉన్న దేవుని వరాన్ని రగిలించుకోమని చెబుతుంది. ఆ ఆజ్ఞ తిమోతికి. అవ్వకూ తల్లికీ అందులో కొత్త పని ఏదీ పెట్టలేదు.